మాను దిగే విద్య

ఈ ఏడాది అర్జునుడి వేషం మా నాయన మునిరామయ్యకు వద్దని గుడి కమిటీ పెద్ద రాజారత్నం మామ అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సత్యవేడు పక్కన మా ఊళ్లో ఎండాకాలం ధర్మరాజుల గుడి తిరునాళ్లు జరుగుతాయి. అందులో అసలైన రోజు అర్జునుడి తపస్సు. తాటిమానుకు అడ్డచెక్కలు కొట్టి, మైదానం నడుమ నిలబెడతారు. అర్జునుడి వేషం కట్టినవాడు కిరీటం, భుజకీర్తులతో పద్యాలు పాడుతూ మాను కొసకు ఎక్కాలి. తపస్సు చేసి, పిల్లలు కావాలని తడిచీరలతో కొంగుపట్టి నిలబడ్డ ఆడవాళ్లకు పైనుంచి నిమ్మకాయలు విసరాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మాను ఎక్కింది మా నాయనే. మిగతా ఏడాదంతా వేరుశనగ చేలో వంగి పనిచేసే మనిషిని ఆ రోజు ఊరంతా తలెత్తి చూసేది.

పోయిన తిరునాళ్లలో దిగేటప్పుడు కాలు జారి, కుడిచేత్తో వేలాడి బతికాడు. భుజం పట్టేసింది. తల దువ్వుకోవాలన్నా అమ్మ సాయం కావలసి వచ్చింది.

"తప్పుగా అనుకోవాకప్పా మునిరామయ్యా. నువ్వు పడితే ఊరికి అరిష్టం. మన రూపేష్ ఉండాడు గదా, వయసులో ఉండాడు, కండలుండాయి. నువ్వు ధర్మరాజు వేషం కట్టు. కూర్చునే వేషం, సుఖంగా ఉంటాది" అన్నాడు రాజారత్నం మామ.

కూర్చునే వేషం అన్న మాటకు నాయన తల దించుకున్నాడు. అది నేను చూడలేకపోయాను.

"మామా, తిరునాళ్లకు ఇంకా టైముండాది. నాయన్ను నాతో తిరుపతికి తీసకపోతా. తపస్సుకు ముందురోజు మీరే ఎక్కించి సూడండి. ఎక్కలేకపోతే రూపేష్‌కే ఇయ్యండి."

"ఏం మే నందినీ, జిమ్ములో మొగోళ్లచేత బస్కీలు తీయించేదే నీ ఉద్యోగమంట గదా. ఇప్పుడు మీ నాయన చేత గూడానా?"

"తీయిస్తా" అన్నాను. అరుగు మీదున్న వాళ్లంతా నవ్వారు. నవ్వనీ!

తిరుపతిలో నేను పర్సనల్ ట్రైనర్ని. కాలేజీ రోజుల్లో బరువులెత్తేదాన్ని. ఊపు మీద ఎత్తడమే తప్ప దించడం తెలియక మోకాలు పోగొట్టుకున్నాను. దాన్ని బాగు చేసుకోవడానికి పడ్డ పాట్లే నాకు బతుకుతెరువయ్యాయి. మొదట్లో "ఈ యమ్మేం నేర్పిస్తాది" అని పక్క ట్రైనర్ దగ్గరికి జారుకున్నవాళ్లు నడుము పట్టేశాక నా దగ్గరికే వచ్చారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రోషం వస్తే ఎవడైనా ఎత్తేస్తాడు. ఎత్తినదాన్ని చప్పుడు కాకుండా దించినప్పుడే నీకు బలం ఉన్నట్టు. కీలు తిరగని చోట కండ పెంచడం తుప్పు పట్టిన తలుపుకు రంగు వేయడమే.

నాయన మాత్రం నా శిష్యుల్లోకెల్లా మొండివాడు. గోడ మీద వేళ్లు పాకించి చెయ్యి పైకి జరపమంటే, "నేనేమన్నా పసిబిడ్డనా, గోడలు పట్టుకోని ఆడేదానికి?" అని రుసరుసలాడేవాడు. "నోరు మూసుకోని చెయ్, నాయనా" అనేదాన్ని. ఇంట్లో ఆ మాట అనుంటే నా వీపు మోగిపోయేది. జిమ్ములో నేనే పెద్ద, ఆ సంగతి ఆయనకూ తెలుసు. కిక్కురుమనకుండా చేసేవాడు.

చెయ్యి కొంచెం కొంచెం లేచింది. ఒక పొద్దున తనంతట తాను తల దువ్వుకుని, అద్దం ముందు నుంచి కదలడే! అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఏడ్చింది. ఇంకొన్నాళ్లకు కమ్మీ పట్టుకుని నిటారుగా వేలాడాడు. నా అంత ట్రైనర్ ఈ జిల్లాలోనే లేదనిపించింది.

"బాగానే ఉండాది గానీ పాపా, వేషం సంగతేంది?" అంటూ నాయన సంచిలోంచి భుజకీర్తులు తీశాడు. చెక్కతో చేసి, అద్దాలు పొదిగిన రెక్కలు. రెండు భుజాల మీదా తాళ్లతో బిగించి కట్టాను. చెయ్యి పైకెత్తమన్నాను. చెవి దాకా వచ్చి టక్కున చెక్కకు తగిలి ఆగిపోయింది.

నా తెలివి తెల్లారినట్టే ఉంది! చిన్నప్పటి నుంచీ చూస్తున్న వేషమే, ఉత్త బనీనుతో ఎక్కేవాడికి నేర్పినట్టు నేర్పాను. ఆ చెక్కను తప్పించడానికి నాయన ఇన్నేళ్లూ చేతిని పక్కకు విసిరి పై మెట్టు అందుకుంటున్నాడు. ఆ విసురుకే భుజం అరిగిపోయింది.

మళ్లీ మొదలుపెట్టాను. చెయ్యి మొహం దాటకూడదు, ఒళ్లంతా తొడలే మోయాలి. ఎత్తయిన పెట్టె మీదికి ఎక్కించాను. ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ చేయించాను. పాదం కిందికి జరగాలి, మెట్టును వెతుక్కోవాలి, అది ఆనాకే బరువు వదలాలి. అదంతా పద్యం తెగకుండా జరగాలి. భుజకీర్తులు కట్టుకుని నాయన రాగం అందుకుంటే, ట్రెడ్‌మిల్ మీదున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసేసి నోళ్లు తెరుచుకుని విన్నారు.

ముందురోజు పరీక్షలో నాయన సగం మాను దాకా ఎక్కి చూపించాడు. రాజారత్నం మామ సరేనన్నాడు గానీ, తపస్సు నాడు రూపేష్‌ను మాను పక్కనే సిద్ధంగా నిలబెట్టాడు. నాకు పళ్లు కొరకాలనిపించింది.

నాయన ఎక్కాడు. మెట్టు మెట్టుకూ పద్యం, గొంతులో ఎక్కడా రొప్పు లేదు. కొసన నిలబడి చేతులు జోడించాడు. నిమ్మకాయ విసిరినప్పుడల్లా జనం అటూ ఇటూ విరుచుకుపడ్డారు. ఈలలు, డప్పులు, గోవిందలు. చివరి కాయ పడగానే అందరూ దాని వెంట పరుగెత్తారు. ఫోన్లలో తీస్తున్నవాళ్లు కూడా అటే తిరిగారు.

నేను కదల్లేదు. మా నాయన దిగుతున్నాడు.

కుడిపాదం చెక్కను వెతికింది, ఆనింది. బరువు దిగింది. తర్వాత ఎడమది. పోయినేడు జారిన చోటుకు వచ్చాక ఆగాడు. ఊపిరి పీల్చి, మోకాలు వంచి, నింపాదిగా పాదం కిందికి జార్చాడు. మాను వణకలేదు, చెక్క కిర్రనలేదు.

నేల మీద కాలు పెట్టాడు. రాజారత్నం మామ పూలదండ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "యబ్బా! ఏం ఎక్కినావప్పా! వయసోడు గూడా అట్ట ఎక్కలేడు!"

నాయన ఆయన వంక చూడలేదు. రంగు కారుతున్న మొహంతో నన్ను వెతుక్కుంటూ వచ్చి, బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

"సరిగ్గా దిగినానా పాపా?"

"ఎడమకాలు తొందరపడింది నాయనా" అన్నాను. భుజకీర్తులు గుచ్చుకుంటున్నా వదలకుండా, ఊరందరి ముందూ అర్జునుణ్ని గట్టిగా వాటేసుకున్నాను.