ముందుగా చాచిన చెయ్యి

రక్తపోటు చూసే మిషను పెట్టెను సైకిలు వెనక పెట్టి, పాత ట్యూబుతో అడ్డంగా రెండు చుట్లు, నిలువుగా ఒక చుట్టు బిగించాడు హుస్సేన్ బాషా. ఒకసారి కుదిపి చూసుకున్నాడు. లోపల పాదరసం ఉంది, పసిపిల్లను తీసుకుపోయినట్టు తీసుకుపోవాలని డాక్టరు చెప్పి ఏడాదిన్నర అయింది. ఈ ఏడాదిన్నరలో రాళ్లదారుల్లో రెండుసార్లు తాను పడ్డాడు గాని పెట్టెను పడనివ్వలేదు.

నలభై ఆరేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. కళ్లు ఎప్పుడూ కాస్త ఎర్రగా ఉంటాయి. సర్కారు దవాఖానాలో పంతొమ్మిదేళ్లుగా అటెండరు. ఊడ్చడం, నీళ్లు మోయడం, పిలిస్తే పలకడం, ఇదే ఉద్యోగం. ఆ ఉదయం తలకు తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. సద్దిమూట అందిస్తూ అది చూసింది భార్య మస్తానాబీ.

“మూడు దినాల్నుంచి మెడ పట్టేసిందంటాండావు. ఆ డాక్టరు సారుకు చెప్పరాదా?”

“చెప్పేదేముండాది? ఏ ఊరికి పోయినా ముందు నా చేతికే గదా ఆ పట్టీ కట్టేది. ఏమన్నా ఉంటే ఆయప్పే చెప్పడా?”

నిజమే అనుకుంది ఆమె. ఊళ్లో ఎవరికీ లేని భాగ్యం తన మొగుడికి దక్కిందని కాస్త గర్వపడింది కూడా, పిచ్చితల్లి.

ఇది అరవై నాలుగో సంవత్సరం మాట. కొత్తగా వచ్చిన ఆ కుర్ర డాక్టరుకు ఒక పట్టుదల ఉండేది. జబ్బుపడ్డవాళ్లు ఎలాగూ వస్తారు, బాగున్నవాళ్లనే మనం పోయి చూడాలి అనేవాడు. రక్తపోటు లోలోపలే పెరిగి, చెప్పాపెట్టకుండా మనిషిని పడగొడుతుందట. ముందే కనిపెట్టి ఉప్పు తగ్గించుకుంటే కొంతైనా ఆపవచ్చట. మాట మంచిదే. కానీ వానలు వరుసగా మోసం చేసిన ఆ సీమలో, ఒంట్లో బాగున్నవాడు పని మానుకుని డాక్టరు ముందు కూర్చుంటాడా? “కందకు లేని దురద కత్తిపీటకెందుకు సామీ?” అని మొహం మీదే నవ్వేవాళ్లు. పైగా ఆ పట్టీ రక్తం గుంజుకుంటుందని, అది కట్టించుకున్న చెయ్యి మళ్లీ పార పట్టదని పుకారు లేచింది. దాన్ని అణచడానికి డాక్టరు చదువు చాలలేదు. బాషా చెయ్యి కావలసి వచ్చింది.

ఆ రోజు వెళ్లింది కళ్యాణదుర్గం దారిలో, వాన లేక ఎండిన వంక అవతల ఉన్న చిన్న పల్లెకు. చావడి అరుగు మీద పెట్టె తెరిచేసరికి జనం దూరదూరంగా నిలబడ్డారు. బాషా అలవాటు ప్రకారం ముందుగా కూర్చుని చెయ్యి చాచాడు. డాక్టరు పట్టీ చుట్టి, జనం వైపే చూస్తూ రబ్బరు బుడ్డ నొక్కాడు.

“చూడండి, ఏమైంది? ఏమీ కాలేదు!” అంటూ గాలి వదిలేశాడు.

బాషా చెయ్యి ఆడించి చూపించాడు. “దోమ కుట్టినంత గూడా లేదు. రాండప్పా, రాండి.”

చెవిగొట్టం డాక్టరు మెడలోనే వేలాడుతోంది. పాదరసం ఎంతదాకా లేచిందో ఆయన చూడలేదు. ఏడాదిన్నరగా ఏ ఊళ్లోనూ చూడలేదు. ఆయన లెక్కలో అది జనం భయం తీర్చడానికి చేసే పని. బాషా మాత్రం తనను ప్రతిసారీ పరీక్షిస్తున్నారనే నమ్మాడు. ఆ నమ్మకం ఒకసారైనా నోరు దాటి ఉంటే ఎంత బాగుండేది!

మధ్యాహ్నం దాకా మగవాళ్లను చూశారు. ఒక్కొక్కరికీ ఉప్పు తగ్గించమని డాక్టరు చెబితే, అదే మాట బాషా వాళ్ల భాషలో మళ్లీ చెప్పాడు. రైతు ఆదెప్ప మాత్రం ఒప్పుకోలేదు.

“ఉప్పూకారం తినే ఒళ్లప్పా ఇది. చప్పిడి కూడు తింటే చేన్లో గుంటక తోలేదెవరు, నువ్వా?”

అందరితోపాటు బాషా కూడా నవ్వాడు. తర్వాత గోడవారగా కూర్చుని సద్ది విప్పాడు. సంగటి, ఊరుబిండి పచ్చడి, వేయించిన ఊరమిరపకాయలు నాలుగు. ఆదెప్ప కంట్లో పడనే పడ్డాయి.

“మాకు చప్పిడి చెప్పి, నువ్వు ఊరమిరపకాయలు నములుతాండావే!”

“నాకు లేదులేప్పా. వారానికి మూడు తూర్లు చూస్తారు నాకు.”

“చూస్తే ఎంత ఉండాదంట?”

అప్పటిదాకా బాషాకు ఆ ఆలోచనే రాలేదు. డాక్టరు వైపు తిరిగాడు. “ఎంత సార్ నాది?”

డాక్టరు ముఖం పాలిపోయింది. సంచిలోంచి కొత్త కార్డు తీసి పేరు, వయసు రాశాడు. “రా బాషా, కూర్చో” అన్నాడు. ఆ గొంతులోని సిగ్గు బాషాకు అంతుపట్టలేదు.

“ఆడోళ్లు కలుపు ఇడిసిపెట్టి వచ్చినారు సార్. ఇప్పుడు పోతే మళ్లీ పిల్చినా రారు. ముందు వాళ్లను కానీండి. నేను యాడికి పోతాను?”

అరగంటే కదా అనుకున్నాడు డాక్టరు.

బాషా గోడకు ఆనుకుని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. కదిరమ్మ వచ్చింది. యశోదమ్మ వచ్చింది. సుంకమ్మ పేరు దగ్గర నాలుక మడతపడింది. మళ్లీ అనబోయాడు, రాలేదు. వేళాకోళం చేస్తున్నాడనుకుని ఆడవాళ్లు నవ్వారు. డాక్టరు తిరిగి చూసేసరికి బాషా ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు, మూతి వంకరపోయింది.

ఆదెప్పే బండి కట్టాడు. డాక్టరు బాషా తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వంక ఇసుకలో ఎద్దులు మెల్లగా లాగుతుండగా బాషా ఊపిరి ఆగింది. పెట్టె చావడిలోనే ఉండిపోయింది, దాన్ని తెచ్చుకునే మనిషి లేడు.

మూడో దినం గోరీ దగ్గర జియారత్ ప్రార్థనలు అయ్యాక డాక్టరు ఆ ఇంటికి వెళ్లాడు. మస్తానాబీ తలుపు చాటున నిలబడింది.

“అయ్యా, అన్ని తూర్లు చూసినారు గదా. ఒక్కతూరన్నా కనపడలేదా?”

అబద్ధం చెప్పవచ్చు. చెబితే ఆమెకూ కాస్త తేలికయ్యేదేమో. ఆయనకు నోరు రాలేదు.

“చూడలేదమ్మా. ఒక్కసారి కూడా చూడలేదు.”



“చూడనిదానికి ఆయప్ప చెయ్యి ఎందుకు కట్టినారు?” అని మెల్లగా అడిగింది.

 డాక్టరు జేబులోంచి ఆ కార్డు తీసి గడప మీద పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయాడు. చదువురాని మస్తానాబీ అందులో తన మొగుడి సంగతి ఏదో రాసి ఉంటుందని దాన్ని కళ్లకద్దుకుంది. హుస్సేన్ బాషా, నలభై ఆరేళ్లు అని ఉంది అందులో, కింద రక్తపోటు అన్నచోట అంకె లేదు, ఖాళీ గీత ఒకటే ఉంది.