నిద్రకు పిలిచిన ఇల్లు

నీళ్ళు చల్లిన వసారా పూర్తిగా ఆరకముందే సుబ్బరావమ్మ గోనెపట్టాలు పరచడం మొదలుపెట్టింది. వీరమ్మది గోడవారన, నొప్పి మోకాళ్ళు చాపుకోవడానికి. లక్ష్మీదుర్గది మెట్ల దగ్గర, బడి నుంచి వచ్చే పిల్లలు కనపడేలా. చివరి పట్టాను స్తంభం పక్కన, తన చోటుకు ఆనించి పరిచి, మడతలను అరచేత్తో సరిచేసింది. అక్కడ ఇంతవరకు ఎవరూ కూర్చోలేదు.

పొద్దుటి నుంచి ఎడమ భుజం కింద ఏదో బిగపట్టినట్టుంది. మిరపకాయల బస్తా తానే ఈడ్చినందువల్ల అనుకుంది. పొట్టి మనిషి. మిరపఘాటుకు వేళ్ళ చివర్లు ఎర్రబారి, గోళ్ళు పసుపు తిరిగి ఉంటాయి. ఎవరితో మాట్లాడినా ముఖం చూడదు, చేతులు చూస్తుంది.

కాయలకు ముచ్చికలు తుంచే పని ఎవరింట్లో వాళ్ళు చేసుకోవచ్చు. వ్యాపారి ఆటో ఏ గుమ్మం ముందైనా బస్తా దించి పోతుంది. అయినా అన్నాలు తిన్నాక ఆడవాళ్ళు ఈ వసారాలోకే చేరతారు. పని మొదలుపెట్టే ముందు మంట పుట్టకుండా సుబ్బరావమ్మ ప్రతి మనిషి చేతులకూ తానే కొబ్బరినూనె రాస్తుంది. చెయ్యి ఆమె చేతిలో ఉన్న ఆ కాసేపట్లో, అడగకుండానే, ఏదో ఒకటి చెప్పేస్తారు. ఆమె "ఊఁ" అంటుంది. దానికోసం వస్తున్నారా, వసారా నీడకోసం వస్తున్నారా అన్నది ఆమెకు ఎప్పుడూ తేలలేదు. తన సంగతి మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. చెబితే అందరూ లేచి వెళ్ళిపోతారేమోనని భయం. అర్థం లేని భయమని తెలుసు. తెలిసినంత మాత్రాన పోయేది కాదు.

"ఆ పట్టా ఎవరికక్కా?" నూనె చేతులతో కాయలు దగ్గరకు లాక్కుంటూ అడిగింది వీరమ్మ.

"అలేఖ్యకు."

వేళ్ళు ఆగాయి.

అలేఖ్యది ఎదురిల్లు. మార్టూరులో రాళ్ళ లారీ నడిపే భర్త కామెర్లతో పోయాడు. పెద్దకర్మ కూడా అయిపోయింది. అయినవాళ్ళెవరో వచ్చి తమ ఇంటికి పిలుచుకుపోయి ఒక రాత్రి నిద్ర చేయిస్తే తప్ప ఆ అమ్మాయి ఇంకొకరి గడప తొక్కకూడదు. ఇష్టపడి చేసుకున్న పెళ్ళి కావడంతో పుట్టింటివాళ్ళు అప్పుడే తెంచుకున్నారు. నిద్రకు పిలవడానికి ఎవరూ రాలేదు.

"నిద్ర కాలేదుగా ఇంకా," అంది లక్ష్మీదుర్గ, గొంతు తగ్గించి.

"నీదేముందక్కా, ఒంటి ప్రాణం," అంది వీరమ్మ. "మా ఇళ్ళల్లో పిల్లాజెల్లా ఉన్నారు. రేపేదన్నా అయితే మా అత్త నోరు ఊరుకుంటదా? పిలిచే దిక్కు లేనిదాన్ని నువ్వెట్టా రానిస్తావు?"

సుబ్బరావమ్మ ఒక కాయ ముచ్చిక తుంచింది. ఇంకో కాయ తీసుకుంది.

"నన్నూ ఎవరూ పిలవలేదే," అంది.

ఆమె నోటి నుంచి తన సంగతి రావడం వాళ్ళకు కొత్త.

"మా ఆయన పోయినప్పుడు. మా అన్న వస్తాడని గుడ్డలు మూటగట్టుకోని కూర్చున్నా. పత్తి తీతలైపోయినయ్, మిరప కోతలూ అయిపోయినయ్. ఆయన రాలా. మూట విప్పబుద్ధి కాలా."

"మరి బయటికెట్టా వచ్చావు?"

"ఆకలేసి."

వీరమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"ఈ రాత్రికి ఆ పిల్ల నిద్ర ఈ ఇంట్లోనే. నేనే పిలిచా. ఇష్టం లేనోళ్ళు రేపటినుంచి రావొద్దు."

అనేశాక ఆమెకు రేపు ఈ పట్టాలన్నీ ఖాళీగా ఉండటం కళ్ళకు కట్టింది. తల ఎత్తకుండా ఎదురుచూసింది. ఎవరూ లేవలేదు. కాసేపటికి ముచ్చికలు తెగుతున్న చప్పుడు మళ్ళీ వినిపించింది. మూట ఇప్పుడు విప్పినట్టు ఒళ్ళంతా ఒక అలవాటు లేని తేలిక.

ఎండ వాలాక అలేఖ్య గుడ్డసంచితో వచ్చి మెట్ల దగ్గర నిలబడిపోయింది. లక్ష్మీదుర్గ కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. వీరమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

"రామ్మా," అంది సుబ్బరావమ్మ.

కుడిచేతికి నూనె రాసింది. ప్రతి వేలికీ, వేళ్ళ సందులకూ. ఎడమచెయ్యి అందుకుని, "కాస్త ఆగమ్మా," అని స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

వీరమ్మ గోడకే చెబుతున్నట్టు అల్లుడి సంగతి ఎత్తుకుంది. "ఫోను చేస్తే ఎత్తడక్కా! ఎత్తినా, పెళ్ళానికివ్వాలంటే నన్నడుగు అంటాడు. నేను కన్నదానితో నేను మాట్లాడటానికి వాడి పర్మిషనేందీ?" లక్ష్మీదుర్గ పకపకా నవ్వింది. "అంతేగా అక్కా?" అంది వీరమ్మ. "ఊఁ" వినపడలేదు. సుబ్బరావమ్మ ఎప్పుడూ లోగొంతుకతోనే అంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పెద్దావిడ కునుకు తీస్తోందనుకుని అలేఖ్య తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎవరో తన చెయ్యి పట్టుకుని ఎంత కాలమయిందో. కాసేపటికి ఆ వేళ్ళు చల్లబడుతున్నట్టు తోచింది.

"పెద్దమ్మా..."

వీరమ్మ మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వేలు చాలాసేపు అక్కడే ఉంచింది. తర్వాత అందరి చూపులూ ఒక్కసారి అలేఖ్య మీదకు మళ్ళాయి.

అలేఖ్య లేచి సంచి తీసుకుంది. "నేను పోతానండీ. నేను రాబట్టే..."

"కూర్చో," అంటూ వీరమ్మ సంచి పట్టుకుంది. "నిద్రకని పిలిచిందిగా. పిలిచినామె పోయిందని మధ్యలో పోతావంటే? రాత్రికి దీపం కాడ మనిషుండాలి. నేనూ ఉంటా. కూర్చోవే పిల్లా."

అలేఖ్య కూర్చుంది. వీరమ్మ తన జిడ్డు చేతులతోనే ఆమె ఎడమచెయ్యి లాక్కుని, ఆగిపోయిన చోటి నుంచి నూనె రాయడం మొదలుపెట్టింది.

చీకటి పడేసరికి సుబ్బరావమ్మను లోపల పడుకోబెట్టారు. ఎవరో వసారా ఊడ్చారు కానీ పట్టాలు తీయలేదు. స్తంభం పక్కన నూనె గిన్నె అలాగే ఉంది. నూనెలో ఒక మిరపగింజ, గిన్నె అంచున జిడ్డుగా ఒక బొటనవేలి ముద్ర.