ఆరో సిలిండర్లో హైమ గొంతు

మంగళవారం నుంచి నా భార్య హైమావతి గొంతు మా జీపు ఇంజన్లో, ఆరో సిలిండర్లో ఉంది.

మా ఇల్లు సత్యనారాయణపురంలో. జీపు ఆటోనగర్‌లో, మస్తాన్‌వలీ మేస్త్రి షెడ్డులో. హైమ ఇక్కడ పెదాలు కదుపుతుంది. మాట అక్కడ వినబడుతుంది. మస్తాన్‌వలీ ఫోన్ చేసి నాకు చెబుతాడు.

"సార్, పాలు పొంగుతున్నాయంటున్నారు అమ్మగారు."

నేను వెళ్లి స్టవ్ కట్టేస్తాను. పాలు అప్పుడే అంచుదాకా వస్తాయి. ఫోన్ కంటే పాలు నిదానం.

"ఇంకేమైనా అందా?"

"చట్నీలో ఉప్పు తగ్గిందంట. చూసి వేసుకోవాలంట. నాకు కాదు సార్, మీకే."

తప్పు నాదే. ఇంజన్ ప్లగ్గు విప్పితే ఆ రంధ్రంలో గుడ్డ కుక్కాలి, పైనుంచి ఏదీ లోపల పడకుండా. ఆటోనగర్‌లో ఈ సంగతి టీ కొట్టాయనకి కూడా తెలుసు. మంగళవారం ఉదయం మా ఇంటి ముందు ఆరు ప్లగ్గులూ విప్పి, ఐదు రంధ్రాల్లోనే గుడ్డ కుక్కాను, ఆరోది మర్చిపోయాను. హైమ వచ్చి బానెట్ పక్కన నిలబడి ఏదో అడిగింది. నేను తలెత్తకుండా "ఊఁ" అన్నాను. మాట నా చెవిలో పడలేదు. పక్కనే రంధ్రం ఉంది, అందులో పడింది. దాని వెనకే మిగతా గొంతంతా జారిపోయింది. ఆ రోజే బండిని షెడ్డుకి తోయించాను.

ఏమడిగావో కాగితం మీద రాయమన్నాను. రాసింది: "అడిగింది మళ్ళీ అడగను. జవాబు చెప్పండి."

అప్పట్నుంచి ఆమె పూటకో గది దూరం జరుగుతోంది. మాది మూడు గదుల ఇల్లు. ఈ శుక్రవారం ఆమె తొమ్మిదో గదిలో కూర్చుని బట్టలు మడత పెడుతోంది. తలుపులన్నీ ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి ఇంకా కనబడుతోంది, బొటనవేలంత. ఇంకో వారం ఇలాగే గడిస్తే కనబడదు.

షెడ్డుకి వెళతాను. మా జీపు మిలిటరీ వేలంలో కొన్న బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి. ఇరవై రెండేళ్లుగా బాగుచేస్తున్నాను. ఈ రకం ఇంజన్ని మస్తాన్‌వలీ తన సర్వీసులో రెండుసార్లే చూశాడు. రెండోసారి చూసింది కూడా దీన్నే.

అతను పొడుగు స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు.

"ఒకటి బాగుంది. రెండు, మూడు దగ్గుతున్నాయి. నాలుగు, ఐదు పడుకున్నాయి. ఆరులో అమ్మగారు ఊపిరి బిగబట్టి ఉన్నారు సార్."

"బయటికి ఎలా తెస్తావ్?"

"లోపలికి నిదానంగా పోయిన మాట, బయటికి జోరుగా రావాలి. ఈ జోరు చాలదు. సిలిండర్లు బోరు చేయించి లోపల వెడల్పు చేద్దాం. ఒక్క కార్బొరేటర్ తీసేసి మూడు పెడదాం. సైలెన్సర్ పీకేద్దాం."

"బండి తట్టుకుంటుందా?"

"తట్టుకోకపోతే పోయె. మనకి కావాల్సింది బండి కాదుగా?"

ఆ సంగతి నాకు ఇంతవరకూ తట్టలేదు.

బోరు చేసేది వీరభద్రాచారిగారు. లేత్ షాపులో నలభై ఏళ్లుగా ఒకే స్టూలు మీద కూర్చున్నారు. ముప్పై థౌ తీస్తానంటారు, అంటే పది వెంట్రుకల మందం. తీశాక చెయ్యి లోపల పెడతారు. మోచెయ్యి పోతుంది. భుజం పోతుంది.

"ఎవరన్నా దిగి చూడాలండీ," అంటారు. "నాకు మోకాళ్ల నొప్పులు."

నిచ్చెన వేసుకుని నేను దిగుతాను. బయట కొలిస్తే సిలిండర్ జానెడే. లోపల గోడలు చేతికందవు. అందినచోట నల్లగా ఏదో పేరుకుని ఉంది. మసి అనుకుని గీకుతాను. మసి కాదు. అన్నీ నా "ఊఁ"లు. ఒకదాని మీద ఒకటి, పొరలుపొరలుగా. గ్రీజు డబ్బా నిండిపోతుంది. అడుగున ఎక్కడో హైమ ఊపిరి వినబడుతోంది, అంతదూరం నిచ్చెన లేదు.

పైకొచ్చి డబ్బా చూపిస్తాను. నా వెంట వచ్చిన మస్తాన్‌వలీ ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూస్తాడు.

"అన్నీ ఒకే సైజు సార్. మిషన్ మీద తీసినట్టున్నాయి."

ఆచారిగారు డబ్బా అంతా వేలితో కెలుకుతారు. "ఇరవై రెండేళ్లలో ఒక్క 'ఏంటి' కూడా లేదేంటండీ?"

నేను డబ్బాకి మూత పెట్టేస్తాను.

సోమవారం ఉదయం పదింటికి ఇంజన్ బిగించడం పూర్తవుతుంది. హైమ పదిహేనో గదిలో ఉంది, బియ్యపు గింజంత. ఆచారిగారు కూడా చూడ్డానికి షెడ్డుకి వచ్చారు. మస్తాన్‌వలీ చక్రాల కింద నిమ్మకాయలు పెడతాడు. నేను తాళం తిప్పుతాను.

మూడు కార్బొరేటర్లూ ఒక్కసారి గాలి పీలుస్తాయి. నా చొక్కా గుండీలు మూడు ఊడి అందులోకి పోతాయి. గోడ మీది క్యాలెండర్ నుంచి జూన్, జూలై పోతాయి. పెడల్ తొక్కుతాను. ఇంజన్ వేగం చూపే మీటరు ముల్లు నాలుగు వేలు దాటగానే వీధి వీధంతా పని ఆపేస్తుంది. వెల్డింగ్ చేసేవాడు ముఖం మీది అద్దం ఎత్తుతాడు. సీట్లు కుట్టే ఆయన సూది గాల్లోనే ఆపి నా వంక చూస్తాడు. హైమ మాట అందరూ విన్నారు. ఆ మోత మధ్యలో కూర్చున్న నాకొక్కడికే ఏమీ వినబడలేదు.

ఇంజన్ ఆపుతాను. మోత ఆగుతుంది, గొంతూ ఆగుతుంది. మళ్ళీ వేస్తాను. రెండూ కలిసే వస్తాయి.

"ఏమంది మస్తాన్?"

"సంసారం మాట సార్. నేను చెప్తే నేనడిగినట్టుంటది."

"ఆచారిగారూ, మీరైనా చెప్పండి."

ఆయన చేతులు తుడుచుకుంటారు. "జవాబు తెలిస్తే ఇంటికెళ్లండి. తెలీకపోయినా ఇంటికే వెళ్లండి."

జీపులోనే వెళతాను. మా వీధి గుమ్మం జీపుకి సరిగ్గా సరిపోతుంది. దిగాల్సిన పని లేదు కాబట్టి దిగను. మూడో గది దాటాక గచ్చు అయిపోయి గులకరాళ్లు మొదలవుతాయి. ఆరో గదిలో ఇసుక. నాలుగు చక్రాలకీ లాగుడు ఇస్తాను. పదకొండో గది తర్వాత తొమ్మిదోది వస్తుంది. వంటిల్లు రెండుసార్లు తగులుతుంది, రెండోసారి ఏటవాలుగా. ఎటు వెళుతున్నానో తెలియదు కానీ హైమ పెద్దదవుతోంది. ముందు చిటికెన వేలంత. తర్వాత చెంబంత.

పదిహేనో గదిలో నది ఉంది. హైమ అవతలి గట్టున నిలబడి ఉంది.

నేను ఆపను. నీళ్లు హెడ్‌లైట్ల దాకా వస్తాయి, తర్వాత బానెట్ మీదికి. కార్బొరేటర్లు మూడూ నదిని తాగి, ఇంజన్ ఆగిపోతుంది. ఇంత నిశ్శబ్దం మా ఇంట్లో ఎప్పుడైనా ఉందో లేదో గుర్తులేదు.

బానెట్ కింద నుంచి బుడగలు లేస్తాయి. పైకొచ్చి ఒక్కొక్కటే పగులుతాయి. ఒక్కో బుడగలో ఒక్కో మాట.

"బండి."

"బాగయ్యాక."

"మనం."

"ఎక్కడికి."

"వెళ్దామండీ?"

ఆలోచిస్తాను. పిస్టన్ల గురించి తెలుసు. బేరింగుల గురించి తెలుసు. ఎక్కడికి అన్నచోట నాలో ఏమీ లేదు. వెతుకుతాను. నిజంగానే లేదు.

"తెలీదు హైమా," అంటాను.

"ఇందుకా ఇన్ని గదులు తిప్పారు?" గొంతు ఆమె దగ్గరి నుంచే వస్తోంది.

"తెలీదని ఇప్పుడే తెలిసింది."

ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటుంది. "సరే. ముందు దిగి ఆ చివర పట్టుకోండి."

ఆమె వంగి, అవతలి గట్టు దగ్గర నది అంచుని దుప్పటి అంచులా రెండు చేతులతో ఎత్తుతుంది. నేను దిగి ఇవతలి అంచు వెతుక్కుంటాను. దొరుకుతుంది. బరువుగా, చల్లగా ఉంది. ఇద్దరం ఒకసారి దులుపుతాం. నది మధ్యలో ఉబ్బి, మెల్లగా దిగుతుంది.

ఆమె నడిచి వచ్చి తన అంచుని నా చేతికిచ్చి, వంగి, మడత అందుకుని వెనక్కి వెళుతుంది. ఈసారి సగం దూరమే. మళ్ళీ వస్తుంది. మళ్ళీ సగం. జీపు రెండో మడతలోకి పోతుంది.

ఆమె వేళ్లు నా వేళ్లకి తగులుతాయి. ఇంకొక్క మడత ఉంది. మడతల మధ్య చేపలు ఇంకా ఎదురీదుతూనే ఉన్నాయి.