కొమ్ముకు పలక కట్టిన రాక్షసబల్లి

చక్రధర్ అన్న కుర్చీ గుంజుకోవాలని తీర్మానించుకునే ఆ ఆదివారం వాళ్ళ మిద్దె ఎక్కాను. రెండువేల మూడులో, తిరుపతిలో మా పిచ్చి ఒకటే ఆట. ఒకరు కుర్చీలో కూర్చుని కథ నడుపుతారు. మిగతావాళ్ళు వీరులై ఆ కథలోకి దిగుతారు. కత్తి తగిలిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. మద్రాసు నుంచి నియమాల జిరాక్సు తెచ్చింది చక్రధర్ అన్న కాబట్టి కుర్చీ ఆయనదే. అది కావాలంటే ఆయన షరతు ఒకటుంది: మనం తయారుచేసిన జంతువు ఆట ముగిసేదాకా ప్రాణాలతో ఉండాలి.

నా ఏడు తలల మొసలి టీ రాకముందే చచ్చింది. రెక్కల కొండచిలువ అంతకంటే తొందరగా పోయింది. రెండింటినీ చంపింది మునికుమారే. పైగా "ఈతూరన్నా ఎముకలుండేదాన్ని చెయ్యి లోహితా" అని ఎగతాళి. నాకు ఒళ్ళు మండిపోయింది.

అందుకే రాక్షసబల్లిని చేశాను. ఏనుగంత ఒళ్ళు, మెడ వెనక చేటంత ఎముక, మూడు కొమ్ములు. అంతటితో ఆపితే అదీ మునికుమార్ కత్తికి బలయ్యేదే. కానీ పోయిన జనవరిలో, చంద్రగిరి దగ్గర మునికుమార్ వాళ్ళ ఊళ్ళోనే, ఆడవాళ్ళతో పాటు మిద్దె మీద నిలబడి పశువుల పండుగ చూశాను. ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వీధిలోకి వదులుతారు. కుర్రాళ్ళు మీదపడి ఆ పలకలు లాక్కోవాలి. ఏటా పలక పట్టేవాళ్ళలో మునికుమార్ ఒకడు. అది గుర్తొచ్చి నా బల్లి నడికొమ్ముకు ఎముక పలక తగిలించాను. కత్తితో దాన్ని పొడిచేకొద్దీ దాని జోరు పెరుగుతుంది. పలక ఊడితే బలమంతా పోతుంది. సంతోషం పట్టలేక, కాగితం మీద గీసిన దాని బొమ్మకు రంగులు కూడా వేశాను.

చక్రధర్ అన్న కథలో ఆ రోజు ఏటి మీద ఒక వంతెన, దాని పక్కనే కోట బురుజు. బొమ్మను మధ్యలో పెట్టి పలకతో సహా ఆకారమంతా వర్ణించాను. అది ఊడితే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. మునికుమార్ బొమ్మ వైపు చూడనే లేదు.

"పొడిసినా," అన్నాడు పాచికలు విసిరి.

"తగిలినాది. ఇప్పుడింకా జోరుగా వస్తా ఉండాది," అన్నాను బల్లి తరఫున.

మళ్ళీ పొడిచాడు. బల్లి వంతెన విరగ్గొట్టి అతని వీరుణ్ణి ఏట్లోకి నెట్టింది. ఇంకాసేపు నిలిస్తే కుర్చీ నాదే.

అప్పుడు మునికుమార్ చెల్లెలు నవీన బొమ్మ మీదికి వంగింది. తన వీరురాలిని ఎప్పుడూ బురుజు మీదే, విల్లు పట్టుకుని దూరంగా ఉంచే పిల్ల.

"అన్నా, కత్తి పక్కన పెట్టు. ఇది మన ఈదిలో ఎద్దు మాదిరే ఉండాది. పలక పట్టల్ల."

మునికుమార్ ముఖం ఎర్రబడింది. "అట్లయితే నేనే పడతా."

"ఏట్లో మునగతా ఎట్ల పడతావు? నేను బురుజు మీంచి దూకతా."

పాచికలు విసిరింది. పడినదానికంటే పెద్ద సంఖ్య ఆ పాచికల్లో లేదు. పలక ఊడొచ్చింది. బల్లి బలమంతా పోయిందని చెప్పక తప్పలేదు.

"ఐపోయినాది నీ బల్లి," అన్నాడు మునికుమార్. నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకైపోతాది?" అంది నవీన. "పలక పట్టినాక ఎద్దును ఎవురన్నా సంపుతారా? అది ఇంటికి పోతాది."

"ఆట ముగిసినాది, బల్లి బతికే ఉండాది," అన్నాడు చక్రధర్ అన్న. తర్వాత లేచి, కుర్చీని తుండుగుడ్డతో తుడిచి నా వైపు జరిపాడు.

కూర్చోగానే నవీన వైపు తిరిగాను.

"బురుజు దిగినావు గదా," అన్నాను. "ఇప్పుడు యాడికి పోతావో చెప్పు."