దియాబ్ ఎత్తిన చెయ్యి

కోమ్ తర్ఫాలో ఆడమనిషి కన్నుమూస్తే మసీదు మైకు కన్నా ముందు షౌకియాకి కబురందుతుంది. దంచిన రేగాకు, కర్పూరం, దూది సర్దిన సంచి ఆమె తలుపు వెనక మేకుకి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఆ పొద్దున జన్నూబా ముసలమ్మ పోయిందని తెలిసి, పొయ్యి మీది పప్పు దించి, సంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

శవానికి స్నానం చేయించడానికి ఒక వరుసుంది. ముందు రెప్పలు మూయాలి. తర్వాత దవడకి గుడ్డ కట్టాలి. ఆపైన మెడ, భుజం, మోచెయ్యి, మణికట్టు, చివరికి కాళ్ళు. కండ కొయ్యబారే వరుస అదే, తిరిగి మెత్తబడే వరుసా అదే. మామూలు ఊళ్ళలో అయితే అంతటితో సరి. కోమ్ తర్ఫాలో మాత్రం చచ్చినవాళ్ళ కండలు మధ్యలో ఆగిన పనిని పూర్తి చేసుకుంటే గాని వదలవు.

జన్నూబా పిండి పిసుకుతూ ఒరిగిపోయింది. షౌకియా వెళ్ళేసరికి ముసలమ్మ రెండు చేతులూ గాల్లో పిడికిళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

"పిండి తెండమ్మా, చూస్తారేం!" అంది షౌకియా.

పెద్దకోడలు పళ్ళెంలో పిండిముద్ద తెచ్చి ఆ చేతుల కింద పెట్టింది. చేతులు దాన్ని అందుకుని మడిచాయి, నొక్కాయి, గుండ్రంగా తట్టాయి.

"బతికున్నన్నాళ్ళూ నా రొట్టెకి వంకలు పెట్టింది," అని ముక్కు చీదింది కోడలు. "చచ్చీ చూపిస్తోంది, ఇలా తట్టాలే అని."

"నేర్చుకోవే మరి. ఇదే ఆఖరి పాఠం," అని ఎవరో అంటే ఏడుస్తున్న ఆడవాళ్ళంతా ఫక్కున నవ్వారు. రొట్టె పూర్తయ్యాక చేతులు వదులై పక్కన వాలాయి. కోడలు దాన్ని పొంగడానికి ఎండలో పెట్టింది. ఆ ఊళ్ళో ఇది వింతేమీ కాదు. మంగలి గుండె ఆగి చచ్చినప్పుడు సగం గడ్డంతో మిగిలిన బేరం మళ్ళీ వచ్చి అదే చేతికి బుగ్గ అప్పగించాడు. ఒక్క గాటు పడలేదు.

చెయ్యకూడనిది ఒక్కటే. పని తీరకముందే బలవంతంగా కీలు వంచి బిగువు విరవకూడదు. ఒకసారి విరిస్తే ఆ కండ మళ్ళీ బిగుసుకోదు. పని అలాగే మిగిలిపోతుంది. స్నానం చేయించేవాళ్ళు ఆ పని చేస్తే చచ్చినవాడి నోటి దగ్గర కూడు లాగేసినట్టే.

షౌకియా ఇల్లు చేరేసరికి పొద్దెక్కింది. చెరకు తోట నుంచి దియాబ్ అప్పటికే వచ్చి గడపలో కూర్చున్నాడు. చేతిలో ఖర్జూరపు మట్ట.

"ఏదీ కూడు?"

"జన్నూబా ముసలమ్మ పోయింది. ఇప్పుడే పెట్టేస్తా..."

"శవాలకి నీళ్ళు పోయడానికి తీరికుంది, మొగుడికి కూడు పెట్టడానికి లేదా?"

మొదటి దెబ్బ వీపు మీద పడింది. షౌకియా అరవలేదు. అరిస్తే దెబ్బలు పెరుగుతాయి, ఏడిస్తే ఇంకా పెరుగుతాయి, ఊరుకుంటే పొగరనుకుని మరీ పెరుగుతాయి. మూడింట్లో తక్కువ శ్రమ ఊరుకోవడమే. మట్ట చీలికలు జబ్బల మీద చర్మాన్ని గీరుకుపోయాయి. చెవి దగ్గర తగిలి నెత్తురు మెడ మీదికి కారింది. పెరటి గోడ అవతల అత్త బహానా రొట్టెలు తడుతున్న చప్పుడు ఆగలేదు. తప్, తప్, తప్.

అప్పుడే తమ్ముడు ఖలఫ్ లోపలికొచ్చాడు. కోతల నుంచి నేరుగా వచ్చాడు, నడుముకి చెరకు నరికే కత్తి. అక్క మెడ మీద నెత్తురు చూశాడు. పైకి లేచిన బావ చెయ్యి చూశాడు. నడుము నుంచి కత్తి దూశాడు. కత్తి మెడకీ భుజానికీ మధ్య దిగి ఎముక దగ్గర ఆగింది. లాగినప్పుడు నెత్తురు గోడ మీద సున్నానికి ఎగజిమ్మింది.

కొట్లాటలో చచ్చినవాడి కండలు ఆలస్యం చెయ్యవు. ఊపిరి పోయిన క్షణమే దియాబ్ కొయ్యబారిపోయాడు. నేల మీద వెల్లకిలా పడ్డాడు, కుడిచెయ్యి మాత్రం పడలేదు. పిడికిలి బిగించి, నెత్తి పైకి ఎత్తి, ఎలా ఉన్నది అలాగే ఉండిపోయింది.

"అక్కా, విను," అన్నాడు ఖలఫ్. "కాలువ నీళ్ళ వంతు గురించి ఇద్దరం కొట్టుకున్నాం. నువ్వు లోపలున్నావు. ఏమీ చూడలేదు."

"ఎందుకురా అబద్ధం?"

"పెళ్ళాన్ని కొట్టాడని మొగుణ్ణి చంపానంటే నన్ను క్షమించే మగాడు ఈ ఊళ్ళో ఒక్కడున్నాడా? నీ పేరు ప్రతి కాఫీ కొట్లో నానుతుంది. కాలువ గొడవంటే మగాళ్ళ గొడవ. నా శవానికి చుట్టే కఫన్ గుడ్డ నేనే చేతుల మీద మోసుకెళ్ళి కాళ్ళ మీద పడితే వదిలేస్తారేమో."

వాడు పెద్దమనిషి షేక్ అబు దైఫ్ ఇంట్లో తలదాచుకోవడానికి పరుగెత్తాడు. షౌకియా మొగుడి పిడికిట్లోంచి మట్టని లాగి పొయ్యిలో తోసి, చెవి చుట్టూ నల్ల ముసుగు బిగించుకుంది.

దియాబ్ తమ్ముడు హమ్దాన్ వచ్చాడు. అన్న చుట్టూ ఒకసారి తిరిగి, ఎత్తిన చేతిని చూసి మీసం తడుముకున్నాడు. "శభాష్ అన్నా! దెబ్బ తిన్నాక కూడా చెయ్యి దించలేదు," అన్నాడు. "స్నానం లేదు, పరామర్శలకి గుడారం లేదు, ఓదార్పులు లేవు. పగ తీరేదాకా ఈ ఇంట్లో ఎవడూ 'అయ్యో' అనకూడదు. ఖలఫ్ కఫన్ మోసుకొస్తాడట. రానీ. ఆ కఫన్ వాడికే పనికొస్తుంది. మా అన్న చేతిలో ఆగిపోయిన దెబ్బ మా అన్నే పూర్తి చేస్తాడు."

అక్కడి చట్టం అది. హత్యకి గురైనవాడి చేతికి ఆయుధం ఇస్తారు. చంపినవాణ్ణి ఎదుట మోకరిల్లిస్తారు. చెయ్యి నరికిందా, వాడి రాత. నరకలేదా, క్షమించినట్టు. బతికున్నవాళ్ళు అడ్డు రాకూడదు. హమ్దాన్ వాకిట్లో ఖర్జూరపు చెక్కల బల్ల వేయించి అన్నని దాని మీద పడుకోబెట్టించాడు. మగాళ్ళు మధ్యాహ్నం నమాజుకి వెళ్ళారు.

వాకిట్లో ఇద్దరే ఆడవాళ్ళు మిగిలారు. షౌకియా బల్ల దగ్గరికి నడిచింది. మోచెయ్యి ఎక్కడ పట్టుకోవాలో, బొటనవేలు ఏ నరం మీద ఆనించాలో ఆమెకి తెలుసు. విరిచేస్తే సరి, అబద్ధం బయటపడదు, ఖలఫ్ బతుకుతాడు. చెయ్యి చాపింది.

"ముట్టుకోకు."

బహానా గడపలో నిలబడి ఉంది. చేతులకి ఇంకా పిండి.

"అత్తా, ఆ చెయ్యి ఎవరి మీద లేచిందో నీకు తెలుసు."

"నాకేం తెలీదు. నేను రొట్టెలు తడుతున్నా."

"ఇన్నేళ్ళూ రొట్టెలే తట్టావు. ఇవాళా అదే మాటా?"

"వాడు నా కడుపున పుట్టినవాడే!" ముసలిదాని గొంతు పగిలింది. "నీ తమ్ముడు నా కొడుకుని మేకని కోసినట్టు కోశాడు. వాడి చివరి పని కూడా నువ్వు దోచుకుపోతావా? కడుపు కోత నీకేం తెలుసే!"

షౌకియా చెయ్యి వెనక్కి తీసుకుంది. అత్త మాటలో సగం నిజముంది. ఆ సగం ఆమె చేతుల్ని కట్టేసింది.

ఎండ వాలే వేళకి వాకిలి నిండిపోయింది. మగాళ్ళు అర్ధచంద్రంలా కూర్చున్నారు. ఆడవాళ్ళు గోడ వారగా నిలబడ్డారు. హమ్దాన్ చెరకు కత్తిని అన్న పిడికిలిలో పెట్టాడు. వేళ్ళు దాన్ని చుట్టుకుని బిగిశాయి. షేక్ అబు దైఫ్ వెనక ఖలఫ్ చెప్పుల్లేకుండా వచ్చాడు. రెండు చేతుల మీద మడిచిన తెల్లగుడ్డ. బల్ల ముందు మోకరిల్లి మెడ వంచాడు.

"దియాబ్! నీ హంతకుడు ఇడుగో!" అని అరిచాడు హమ్దాన్.

చెయ్యి కదిలింది. భుజం దగ్గర ఎండుకర్ర విరుగుతున్న చప్పుడైంది. కత్తి మొన ఖలఫ్ మెడ మీదికొచ్చింది. మొన వాడి మెడ దాటింది. వాణ్ణి చూడనట్టే దాటింది. మెల్లగా ఆడవాళ్ళ వైపు తిరిగింది.

ఆడవాళ్ళు పక్కకి చెదిరారు. కత్తి వాళ్ళ మీదుగా సాగి షౌకియా ఎదుట ఆగింది.

ఆమె ఎడమవైపు జరిగింది. కత్తీ ఎడమకి తిరిగింది. కుడికి నడిచింది. అదీ కుడికే, పొద్దుతిరుగుడు పువ్వు సూర్యుణ్ణి వెంబడించినట్టు. మూసిన కళ్ళతో, బిగిసిన దవడతో, దియాబ్ చెయ్యి తన పెళ్ళాన్ని వెతుక్కుంటోంది.

"కాలువ గొడవన్నారే..." ఎవరో గొణిగారు.

షౌకియా ముసుగు లాగి పారేసింది. చెవి దగ్గర గడ్డకట్టిన నెత్తురు, మెడ మీద మట్ట చారలు, వాటి కింద పాతవి, వాటి కింద మరీ పాతవి. "నమాజుకి వంగినప్పుడు నా వీపు నొప్పెట్టని రోజు లేదు," అంది మగాళ్ళ వైపు తిరిగి. "మీ పెళ్ళాలు నా గాయాలకి పసుపు రాశారు. మీకెవరికీ చెప్పలేదా? చెప్పే ఉంటారు. ఇవాళ మీ దియాబ్ స్వయంగా చెబుతున్నాడు, వినండి."

ఖలఫ్ తలెత్తలేదు, వాడి భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"అయితే ఏంటంట?" హమ్దాన్ లేచాడు. "పెళ్ళాం మీద చెయ్యెత్తని మగాడెవడు? దానికి మనిషిని చంపుతారా? చచ్చినవాడి పని చచ్చినవాడిదే. అడ్డు రాకూడదని చట్టం. వదినా, వెళ్ళి నిలబడు. ముందు నీ లెక్క తీరనీ, తర్వాత నీ తమ్ముడి సంగతి నేను చూసుకుంటా."

షేక్ అబు దైఫ్ నేల చూపులు చూశాడు. ఖలఫ్ పైకి లేవబోతే నలుగురు వాడి మీద పడి, ముఖం మట్టిలోకి నొక్కారు. "అక్కా, వద్దే!" అని వాడు మట్టి నోటితోనే అరిచాడు.

"నిలబడతాను," అంది షౌకియా. "తలుపులేసుకుని పడే దెబ్బ కాదుగా. ఎవరూ కళ్ళు తిప్పుకోకండి."

వెళ్ళి బల్ల పక్కన నిలబడింది. చెయ్యి ఆమెని గుర్తుపట్టింది. మెల్లగా వెనక్కి వెళ్ళి, భుజం కండలు తాళ్ళలా ఉబ్బి, ఎంత ఎత్తుకి లేవాలో అంత ఎత్తుకీ లేచింది.

ఆడవాళ్ళలోంచి ఎవరో తోసుకుంటూ వచ్చారు. బహానా.

కోడలి వైపు చూడలేదు. కొడుకు తల దగ్గర నిలబడి, ఎత్తిన ఆ మోచేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఊరంతటికీ రొట్టెలు తట్టిన చేతులవి, ముంజేతులు మగాడి ముంజేతుల్లా ఉంటాయి. మోకాలు బల్లకి ఆనించి, పళ్ళు బిగించి, ఒక్క ఊపున వంచింది.

టప్‌మని ఎముకల్లోంచి వచ్చిన చప్పుడుకి గోడ మీది పావురాలు లేచిపోయాయి. కత్తి నేలన పడింది. ఇంకోసారి మణికట్టు. ఇంకోసారి భుజం. ప్రతిసారీ ముసలిదాని గొంతులోంచి పురిటి నొప్పుల్లాంటి మూలుగు వచ్చింది. చివరికి ఆ చెయ్యి తడిగుడ్డలా వాలిపోయింది. దాన్ని కొడుకు గుండె మీద పెట్టి, పైన తన చెయ్యి పెట్టింది.

"అమ్మా! ఏం చేశావే!" హమ్దాన్ కేక పెట్టాడు. "వాడి పని మిగిలిపోయింది! దేవుడికేం చెప్పుకుంటాడు!"

"ఆ పని తీసుకుని దేవుడి ముందుకి పోతే ఏం చెప్పుకుంటాడురా?" బహానా ఆయాసపడుతూ అంది. "నా పాలు తాగిన చెయ్యి ఇది. ఎవరిని ఏం చేసిందో గోడ అవతలి నుంచి రోజూ విన్నాను. రొట్టెలు గట్టిగా తట్టేదాన్ని, వినపడకుండా. ఇక చాల్లే."

హమ్దాన్ కత్తి కోసం వంగాడు. ముసలిది దాని మీద కాలు వేసింది.

"గుడారం వెయ్యి," అంది.

"పగ తీరకుండా గుడారమా? నలుగురూ నవ్వుతారే అమ్మా!"

"చచ్చింది నా కొడుకు. ఓదార్పు తీసుకోవాల్సింది నేను. తీసుకుంటాను. గుడారం వెయ్యరా."

ఖలఫ్ మీదున్న నలుగురూ ఒక్కొక్కరే చేతులు తీశారు. వాడు మాత్రం లేవలేదు. గుడారం వేయలేదింకా, కుర్చీ లేదు, కాఫీ లేదు. మొదటి ఓదార్పు ఎవరు చెప్పాలో తెలియక వాకిలంతా బిక్కచచ్చి నిలబడింది. చంపినవాడి అక్కే ముందుకొచ్చింది.

"దేవుడు నీకు ఓర్పునివ్వాలి, అత్తా."

బహానా ఆమె మెడ మీది చారల్ని చూసింది.

"నీక్కూడా, బిడ్డా," అంది.