జామీనున్న చెట్టు

లలితమ్మ పెరట్లోని మామిడి చెట్టు నర్సరీలో కొన్నది కాదు, అంటు కట్టింది అసలే కాదు. రెండువేల ఒకటి ఎండాకాలంలో, బొంబాయి దిక్కు కాలువ పనికి పోయి లారీలో తిరిగొస్తూ, ఆమె, పక్కింటి అంజమ్మ కొత్తకోట రోడ్డు మీద కలిసి కొనుక్కున్న ఒకే ఒక్క కొల్లాపూర్ మామిడిపండు టెంక అది. పండు చెరిసగం తిన్నారు, టెంకను చెరో దిక్కు చీకారు. ఆ టెంకను లలితమ్మ కొంగున కట్టుకొచ్చి, నీళ్ల గోలెం పక్కన పాతింది.

అక్కడే వచ్చింది తంటా. మొక్క మోకాలెత్తు ఎదిగిననాడు అంజమ్మ గోడ మీంచి తొంగిచూసి, "సగం చెట్టు నాదే వదినె, యాదుంచుకో" అని నవ్వింది. లలితమ్మకు ఆ పూట ఏ గాలి సోకిందో ఏమో, "దినాం నీళ్లు వోసేది నేను. సగం నీదెట్లయితది?" అని కస్సుమంది. మాటకు మాట పెరిగింది. పరాయి ఊళ్లో ఒకే డేరాలో పడుకుని, ఒకే కుండలో గంజి తాగిన ఇద్దరూ మోకాలెత్తు మొక్క కోసం మాటలు మానేశారు. ఆడవాళ్ల పంతమని నవ్వేవాళ్లు నవ్వొచ్చు గానీ, గట్టు దగ్గర జానెడు మన్ను కోసం మగవాళ్లు కోర్టులెక్కడం మనం చూడలేదా?

చెట్టు మాత్రం సిగ్గు లేకుండా పెరిగింది. గోడ దాటింది, కప్పు దాటింది. పూత లేదు, పిందె లేదు. కోళ్లకు నీడ తప్ప దాంతో ఇంటికి ఒరిగిందేమీ లేదు. ఇంతలో కొడుకు మహేందర్‌కు వచ్చే శ్రావణంలో పెండ్లి కుదిరింది. కొత్త జంటకు ఒక రేకుల గది కావాలి. లలితమ్మ మొగుడు లింగయ్య పెరడంతా కలియదిరిగి చెట్టు దగ్గర ఆగాడు.

"దీన్ని కొట్టేసి గీడనే ఏస్త. టెంక చెట్టు, తల్లి గుణం రాదు. కాసినా పులుపే కాస్తది" అన్నాడు పెండ్లంతో.

ఆ చెట్టు పోతే అంజమ్మతో పండు పంచుకున్న పూట కూడా పోతుందని లలితమ్మ బాధ. కానీ ఆ మాట మొగునితో ఏమని చెబుతుంది? "ఒక్కసారి బెదిరించి చూద్దామయ్యా. అప్పటికీ కాయకపోతే నీ ఇష్టం" అని బతిమాలింది.

కాపు రాని చెట్టును బెదిరించడం ఆ ఊళ్లో ఎప్పట్నుంచో ఉన్నదే. ఇంటాయన గొడ్డలి ఎత్తుతాడు. వేరే ఇంటి మనిషి చెయ్యి పట్టుకుని, చెట్టుకు జామీను ఉంటానంటాడు. చెట్టు భయపడి మరుసటేడు కాస్తుందని నమ్మకం. కానీ జామీను లేకుండా ఎత్తిన గొడ్డలి ఊరికే దించకూడదు. జామీనుకు లలితమ్మ ఎదురింటి బాలయ్యను పిలిచింది. చెట్టు కొడితే మొద్దు నీదేనని లింగయ్య అతనికి ముందే మాటిచ్చిన సంగతి పాపం ఆమెకు తెలియదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

దీపావళి అమాస పొద్దున లింగయ్య గొడ్డలి ఎత్తాడు. "ఏమే చెట్టా, కాస్తవా? నర్కమంటవా?"

బాలయ్య చెట్టును కింది నుంచి పైదాకా చూశాడు. చెవి గోక్కున్నాడు. "గిది కాయదు తియ్యి లింగన్నా. నర్కు!"

గొడ్డలి ఇంకా పైకి లేచింది.

"ఆగన్నా! జామీను నేనుంట!"

గోడవతల నుంచి కేక. ఆ వెంటే చేతుల నిండా శనగపిండితో అంజమ్మ ఉరికొచ్చి లింగయ్య మణికట్టు పట్టుకుంది. లలితమ్మ దిక్కు చూడనైనా చూడలేదు. "ఈసారి కాస్తది. కాయకపోతే నన్నడుగు."

లింగయ్యకు గొడ్డలి దించక తప్పలేదు. "సరే, కాయనీ. తియ్యగైతే ఉంటది. పుల్లగైతే మాత్రం నేనెవ్వని మాటా ఇన. పిల్లల గది గీడనే లేస్తది" అన్నాడు.

మర్నాడు అంజమ్మ మేకల ఎరువు గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. "మాట్లాడనీకె రాలే. జామీనున్నదాన్ని, నా పని నేను చేస్కపోత" అని గోలేనికి చెప్పింది. లలితమ్మ కూడా గోలేనికే జవాబు చెప్పింది. కొన్నాళ్లకు చెట్టు మీద పెట్టి మాట్లాడుకున్నారు. "ఏమే చెట్టా, మీ అమ్మ చాయ తాగిందా?" అని అంజమ్మ అడిగితే, "లేదు, నీ జామీనుదారు కోసం సూస్తుంది" అని లలితమ్మ గ్లాసు అందించింది. మాఘమాసంలో చెట్టు నిండా పూత విరిసింది. బెదిరింపుకే పూసిందో, ఎరువుకే పూసిందో చెట్టుకే తెలియాలి. గాలివానలకు పోయింది పోగా గుప్పెడు కాయలు నిలిచాయి.

గడ్డిలో మాగిన తొలి పండును లలితమ్మ జామీనున్న మనిషి చేతికే ఇచ్చింది. లింగయ్య ఎదురుగా నిలబడ్డాడు. గొడ్డలి గోడకు ఆనించే ఉంది. షుగరున్నదని దవాఖానలో పండ్లు ముట్టొద్దన్నారు గనక, రుచి సంగతి ఆయన ఇంకొకరి నోట వినాల్సిందే.

అంజమ్మ కొరికింది. ఒక్క క్షణం కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఎట్లుందమ్మా?"

"తేనెనే అన్నా. అచ్చం ఆ కొత్తకోట పండే!"

లింగయ్య కాసేపు తల గోక్కున్నాడు. గొడ్డలి తీసుకుని, గొడ్ల కొట్టం దిక్కు ఎన్ని రేకులు పడతాయో చూసొస్తానని వెళ్లిపోయాడు.

లలితమ్మ ఆశగా మిగతా సగం అందుకుని కొరికింది. దవడలు పట్టేసుకున్నాయి. పచ్చి చింతకాయ నయం. కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నీ పులుపు వల్ల వచ్చినవి కావు.

"వదినె, గిది..."

"సప్పుడు చెయ్యకు. అన్న ఎవ్వలకన్నా పెట్టకముందే మిగిలినయన్ని రేపు తొక్కు పచ్చడి పెడదాం" అంది అంజమ్మ, టెంక చీకుతూ, మొహం చిట్లించకుండా. "ముందు నీ చేతిలది తిను. సగం చెట్టు నాది."