చార తప్పిన జేబు

టైలరమ్మ మెడలో గొలుసు పోయిందని వీధి వీధంతా తెలుసు. దాంతోపాటు ఇంకేం పోయిందో చెప్పమంటే మాత్రం ఆవిడకే తెలియదు. పాలవాడు తలుపు కొడితే వీడేనేమో అనుకుంటుంది. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు మెట్ల మీద నిలబడితే, వీడి భుజాలూ అలాగే ఉన్నాయే అనుకుంటుంది. ఒకరోజు బస్సులో పక్క సీటు ముసలాయన దగ్గితే, ఆ దగ్గు ఎక్కడో విన్నట్టు తోచి మధ్యలోనే దిగిపోయింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఆ దొంగ అసలు దగ్గనే లేదని.

"ఇలాగైతే రేపు అద్దంలో నిన్ను చూసుకుని కూడా వీడేనంటావు వదినా" అని ఆడపడుచు నవ్వించబోయింది. టైలరమ్మ మొగుడు లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి కాబట్టి, తోడు కోసమని ఆడపడుచు వచ్చి ఉంటోంది. నోటికి హద్దు లేదు గానీ మనసు మంచిది. టైలరమ్మ నవ్వలేదు.

జరిగింది చెప్పడానికి రెండు ముక్కలే. సాయంత్రం వాన, కరెంటు లేదు. మెడదాకా బొత్తాలు పెట్టుకున్న రెయిన్‌కోటులో ఒకడు దుకాణంలోకి వచ్చి, కింద బొత్తం ఊడింది, కుట్టిపెట్టమన్నాడు. పాపం తడిసిపోయాడని ఆవిడ జాలి కూడా పడింది. సూదిలో దారం ఎక్కిద్దామని తల వంచిందో లేదో, వాడు షట్టరు కిందికి లాగేశాడు. ఆవిడ కత్తెరే ఆవిడ మెడ మీద పెట్టాడు. గొలుసు తెగింది, చర్మం గీసుకుపోయింది, వాడు వానలో కలిసిపోయాడు. అంతే.

మొహం ఎలా ఉంది అని పోలీసులు అడిగారు. తడిగా ఉంది అని చెప్పింది. ఇదేం జవాబమ్మా అని విసుక్కున్నారు. ఏం చెప్తుంది మరి! టైలరు కళ్ళు మెడ దగ్గర మొదలై మోకాళ్ళ దగ్గర ఆగుతాయి. ఎవరి ఛాతీ ఎంతో, ఎవరికి భుజం జారిందో అడగండి, నిద్రలో లేపినా చెప్తుంది. మొహాలు కుట్టేవి కావుగా! పైగా సగం మంది మనుషులు రానే రారు, ఇంట్లోవాళ్ళ చేత ఆది చొక్కా పంపిస్తారు. ఆ చొక్కా కొలతతో కొత్తది కుట్టి పంపిస్తుంది. అలా మొహమే ఎరగని మనుషులు ఆవిడకి వందలమంది.

కొన్నాళ్ళకి స్టేషన్ నుంచి కబురొచ్చింది. ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారట, లిఫ్టులు బాగుచేసేవాడట. ఆ సాయంత్రం అదే వీధిలో పరిగెడుతూ కనబడ్డాడట. వానలో పరిగెత్తక షికారు చేస్తాడా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. వచ్చి గుర్తుపట్టమన్నారు.

గోడ వారగా మగవాళ్ళని వరసగా నిలబెట్టారు. టైలరమ్మ ఆడపడుచు చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది. "నిదానంగా చూడండమ్మా, తొందరేం లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, గడియారం చూసుకుంటూ. మొదటివాడు, రెండోవాడు, మూడోవాడు. ఎవరూ ఏమీ కారు. వరస చివరికి వస్తుండగా గుండె గుభేలుమంది. తెలుసు! ఇతను నాకు తెలుసు! ఇతనితో ముడిపడి ఏదో చెడ్డ సంగతి జరిగింది, చాలా రోజులు మనసుని కొరుక్కుతిన్న సంగతి. ఏమిటది, ఎక్కడ అని ఆలోచించే తీరికేది? ఇక్కడికి పిలిచిందే దొంగని చూపించమని కదా. చెయ్యి దానంతటదే లేచింది.

"ఖాయమేనా?"

"ఖాయమే" అంది. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, ఆడపడుచు కూడా ఉలిక్కిపడింది.

ఆ పూట ఇంటికొచ్చి కడుపునిండా తిని ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. మర్నాడు దుకాణం తెరిచింది. పాలవాడు పాలవాడైపోయాడు, మీటరువాడు మీటరువాడైపోయాడు. దొంగ లోపల ఉన్నాడు కాబట్టి బయట ఉన్నవాళ్ళంతా మామూలు మనుషులే. ఎంత హాయి! మెషీను తొక్కుతూ కూనిరాగం కూడా తీసింది. ఎప్పుడైనా ఒకసారి, ఆ చెడ్డ సంగతి ఏమిటో సరిగ్గా గుర్తు రావడం లేదే అని లోపల ఏదో కలుక్కుమనేది. గొలుసు తెంపడం కన్నా చెడ్డ సంగతి ఇంకేముంటుందిలే అని సర్దిచెప్పుకునేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం కుండీల పిన్ని వచ్చింది. వీధి మలుపులో మొక్కల కుండీలు అమ్ముకునే పెద్దావిడ, పాత ఖాతాదారు. తను వేలు చూపించిన ఆ లిఫ్టుల కుర్రాడి తల్లి కూడా ఆవిడేనని టైలరమ్మకి ఈమధ్యే తెలిసింది. తిడుతుంది, శాపనార్థాలు పెడుతుంది, పెట్టనీ అని గుండె రాయి చేసుకుంది.

పిన్ని తిట్టలేదు. సంచిలోంచి ఉతికి మడిచిన చొక్కా తీసి బల్ల మీద పెట్టింది.

"అబ్బాయి బాగా చిక్కిపోయాడమ్మా. కోర్టుకి ఇదే వేసుకుంటానన్నాడు, వదులైపోయింది. పక్కలు కాస్త పట్టిపెడతావా? వాడి కొలతలు నీకేగా తెలిసింది."

టైలరమ్మ చొక్కా దగ్గరికి లాక్కుంది. పిన్ని కదల్లేదు.

"నువ్వు అబద్ధమాడే మనిషివి కావని నాకు తెలుసు. అదే నా ప్రాణానికొచ్చింది. ఆ రోజు వాడు తడిసి ముద్దై ఇంటికొచ్చాడు. నేనే తువ్వాలిచ్చాను. చేతులు వణుకుతుంటే చలికనుకున్నాను. నువ్వు వాడేనని చూపించావనగానే, ఆ వణుకు చలికేనా అని... చూశావా, కన్నతల్లిని ఏమనుకుంటున్నానో! ఒక్క మాట చెప్పు. నిజంగా వాడేనా?"

టైలరమ్మ చొక్కా మడతలు విప్పింది. నీలం చారల గుడ్డ. జేబు దగ్గరికి వచ్చేసరికి గుండె గుభేలుమంది. అచ్చం స్టేషన్‌లో వరస చివర ఆగిన రోజులాగే; ఆ రోజు వాడి ఒంటి మీద ఉన్నది ఈ చొక్కాయే.

చారల గుడ్డకి జేబు కుట్టేటప్పుడు, జేబు మీది చార చొక్కా చారతో కలిసిపోవాలి. దూరం నుంచి చూస్తే జేబు ఉన్నట్టే తెలియకూడదు. ఈ జేబు మీద చార పక్కకి తప్పింది. ఇస్త్రీ చేశాకగానీ ఆవిడ చూసుకోలేదు. అప్పటికే పిన్ని గుమ్మంలో ఉంది, చొక్కా ఇచ్చేయక తప్పలేదు. తప్పు కుట్టానని పిన్నితో చెప్పడానికి మొహం చెల్లక, ఆ తరవాత ఎన్నాళ్ళో వీధిలో కనబడ్డ ప్రతి మగాడి ఛాతీ వంకా చూసింది, ఆ చొక్కా తొడుక్కున్నవాడు దొరికితే ఆపి, విప్పించి, జేబు మళ్ళీ కుట్టాలని. ఆడపడుచు చూసి "వదినా, పరువు తీయకు" అని మొత్తుకునేది కూడా. మనసుని కొరుక్కుతిన్న ఆ చెడ్డ సంగతి ఇదా! దేవుడా, ఇదా!

"రేపు రండి పిన్నిగారూ" అని మాత్రం అనగలిగింది.

ఆడపడుచు సంగతంతా విని తలుపేసి వచ్చింది.

"నోరు మూసుకుని కూర్చో వదినా. జేబు సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? అయినా చార తప్పిన జేబున్నవాడు దొంగ కాకూడదని రూలేమన్నా ఉందా? వాడే అయ్యుండొచ్చుగా!"

అదీ నిజమే. టైలరమ్మ తల పట్టుకుంది. ఆ వాన సాయంత్రాన్ని మళ్ళీ తలుచుకుంది. షట్టరు, కత్తెర, నీలం చారలు. నీలం చారలా? వాడు మెడదాకా రెయిన్‌కోటు తొడుక్కుని వస్తే చారలెక్కడ కనబడ్డాయి? తనే తెచ్చి అతికించింది. ఇంకేమేం అతికించిందో! తడి మొహమైనా నిజమేనా? ఏది చూసిందో, ఏది తరవాత కుట్టుకుందో ఎంత విప్పినా విడిపడలేదు.

"వాణ్ణి వదిలేస్తే దొంగ మళ్ళీ బయటికొచ్చినట్టేగా. మళ్ళీ నిద్రలేకుండా చస్తావు. నిన్ను అలా నేను చూడలేను" అంది ఆడపడుచు. ఈసారి వేళాకోళం లేదు.

టైలరమ్మకి ఆ భయమే పెద్దది. ఇప్పుడిప్పుడే తిండి సయిస్తోంది. నోరు విప్పితే ఆ పాత నరకం తనంతట తాను తెచ్చుకున్నట్టే. మనసు అటూ ఇటూ ఊగింది. కానీ చలికేనా అని తనని తాను అడుగుతున్న ఆ తల్లి గొంతు చెవుల్లోంచి పోలేదు. చెప్పులేసుకుని పిన్ని ఇంటికి వెళ్ళింది. తోడు రావద్దంది.

పిన్ని వాకిట్లో కుండీలకి మట్టి కలుపుతోంది. టైలరమ్మ నిలబడే చెప్పేసింది. మొహం చూడలేదనీ, జేబు చూసి చెయ్యెత్తాననీ, దొంగ మీవాడో కాదో నాకు తెలియదనీ.

పిన్ని మట్టి చేతులతోనే కూలబడింది. తిట్లకి టైలరమ్మ సిద్ధంగానే ఉంది.

"నిన్న వాణ్ణి చూడటానికి వెళ్ళినప్పుడు అడిగేశానమ్మా" అంది పిన్ని. "నువ్వే చేశావా అని. నా నోటితో నేనే అడిగేశాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. నా వంక చూసి లోపలికి వెళ్ళిపోయాడు."

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు మండిపడ్డాడు. అప్పుడు ఖాయమన్నావు, ఇప్పుడు కాదంటున్నావు, ఆటలుగా ఉందా అన్నాడు. "కాదనడం లేదండీ, తెలియదంటున్నాను. అప్పుడూ తెలియదు. తెలుసనుకున్నాను" అంది. కోర్టులోనూ అదే మాట చెప్పింది. జనం గుసగుసలాడారు, మతి చలించిందన్నారు. కుర్రాడి మీద వేరే సాక్ష్యమేదీ లేకపోయింది. కొద్దిరోజులకి వదిలేశారు.

వదిలిన రోజు ఆవిడ కూడా పిన్నితో పాటు జైలు గేటు దగ్గర నిలబడింది. ఎందుకొచ్చిందో తనకే సరిగ్గా తెలియదు. కుర్రాడు బయటికొచ్చి తల్లిని దాటి, నేరుగా టైలరమ్మ ముందుకొచ్చి ఆగాడు. ఆవిడ మొదటిసారి మెడ పైకి చూసింది. సన్నటి మొహం, లోతుకు పోయిన కళ్ళు.

"మీరు జేబు చూసి పొరబడ్డారట. సరే. మీరు నన్నెరగరు" అన్నాడు. "ఈవిడ ఎరుగును కదా."

పిన్ని పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఆవిణ్ణేమీ అనకు బాబూ. నేను ఖాయమని చెప్పబట్టేగా ఆవిడ తడబడింది. నా తప్పు ఆవిడ నెత్తిన పడింది" అంది టైలరమ్మ.

"మరి నేనే అయ్యుంటే?"

టైలరమ్మ ఆ మొహం వంక చాలాసేపు చూసింది. ఔనని చెప్పడానికి ఏమీ దొరకలేదు, కాదని చెప్పడానికీ దొరకలేదు.

"నాకు తెలియదు నాయనా" అంది.

"నాకు తెలుసు!" అని అరిచింది పిన్ని. గేటు దగ్గర జవాను కూడా తిరిగి చూశాడు. "నాకు తెలుసు, వీడు కాదు. నా బిడ్డ కాదు!"

కుర్రాడు తల్లి వైపు తిరగలేదు. ముందుకు నడిచాడు. పిన్ని వెనకాల పరుగులాంటి నడకతో వెళ్ళింది. కొంతదూరం పోయాక వాడు అడుగులు తగ్గించాడు గానీ, మాట్లాడినట్టు మాత్రం కనబడలేదు.

టైలరమ్మ అక్కడే నిలబడిపోయింది. రోడ్డు నిండా మగవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. వాళ్ళలో ఎవడైనా వాడు కావచ్చు. భయం మళ్ళీ వచ్చింది. కానీ కళ్ళలోంచి జలజలా కారుతున్న నీళ్ళు ఆ భయానివి కావు. ఆ తల్లీకొడుకుల కోసం. గొలుసు పోయిన నాటి నుంచి ఆవిడ తన కోసం కాక వేరే వాళ్ళ కోసం ఏడవడం అదే మొదలు.